దొరా, దా

మా ఫ్లాట్ల బ్లాకు పక్కన కార్లు పెట్టే స్థలంలోకి పోయిన నెల ఒక నెమలి వచ్చింది. ఎవరి దగ్గర నుంచి తప్పించుకుందో ఏమో. ఆదివారం పొద్దున నేను వంటింట్లో చారుకు తాలింపు వేస్తుంటే మనవరాలు కిటికీ దగ్గర నుంచి, "అమ్మమ్మా, కమ్ అండ్ సీ. పీకాక్, రియల్ వన్," అని పిలిచింది. ఈ పిల్ల రోజూ ఫోనులో ఏదో ఒక వింత చూపిస్తూనే ఉంటుంది. వస్తాలే అన్నాను గానీ కదల్లేదు. అంతలో కింద నుంచి అరుపు వినబడింది. చిన్నప్పుడు రోజూ నన్ను నిద్ర లేపిన అరుపు అది. పొయ్యి కట్టేసి, డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తీసుకుని, వేసుకున్న నైటీతోనే లిఫ్టు ఎక్కాను.

కింద అప్పటికే జనం ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. నెమలి ఒక వ్యాను కింద దూరి, మెడ మాత్రం బయట పెట్టి చూస్తోంది. యూనిఫారం వేసుకున్న ఇద్దరు మనుషులు వల పట్టుకుని దగ్గరకు వెళ్ళడం, అది రోడ్డు మీదకు పరుగెత్తడం, బస్సు కీచుమని ఆగడం, వాళ్ళు వెనక్కి తగ్గడం, అది మళ్ళీ వ్యాను కింద దూరడం. చూస్తూ నిలబడలేక, "దొరా... దా, దా, దా..." అన్నాను. అనాలని అనుకోలేదు. నోరు దానంతట అదే అనేసింది. నెమలి తల నా వైపు తిప్పి రెండడుగులు వేసింది.

వల పట్టుకున్న వాళ్ళలో ఒకతను మలయ్ మనిషి, మర్యాదస్తుడు. "ఆంటీ, మీరు పిలిస్తే వస్తోంది. ఇంకోసారి పిలవండి, ప్లీజ్. మీ దగ్గరకు రాగానే మేం పట్టేసుకుంటాం. దెబ్బ తగలనివ్వం," అన్నాడు. అందరూ నా వైపు చూశారు. మనవరాలు ఫోను నా మీదకు తిప్పింది. నాకు నోరు పెగల్లేదు.

ఎందుకు పెగల్లేదో చెప్పాలంటే, ఈ బ్లాకులేవీ లేనప్పటి మా ఊరు చోవా చూ కాంగ్ గురించి చెప్పాలి.

అప్పుడు ఇక్కడంతా ఎర్రమట్టి దారి. వాన పడితే చెప్పులు చేత్తో పట్టుకుని బడికి వెళ్ళేవాళ్ళం. దారికి అటూ ఇటూ కూరగాయల తోటలు, చేపల గుంటలు, పందుల పాకలు. గాలి ఒకవైపు నుంచి వీస్తే పందుల వాసన, ఇంకోవైపు నుంచి వీస్తే ఎండబెట్టిన రొయ్యల వాసన. చుట్టపు చూపుగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాకు అది వాసన అని కూడా తెలియదు. ఇప్పుడు ఈ ఫ్లాట్లలో ఎటు పీల్చినా ఏసీ గాలి, నేల తుడిచే మందు వాసన. ఆ పందుల వాసన ఒక్కసారి తగిలితే బాగుండునని నాకు అనిపిస్తుందంటే ఇంట్లో వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

మాది కౌలుకు తీసుకున్న చిన్న తోట. బెండ, వంగ, తోటకూర, బొబ్బర పాదులు, ఒక మూల నాయనమ్మ పట్టుబట్టి వేయించుకున్న గోంగూర. మధ్యలో రేకుల ఇల్లు, వెనకాల రంబుటాన్ పళ్ళ చెట్టు. నాన్న పగలు లారీ నడిపేవాడు, సాయంత్రం తోటపని చేసేవాడు. అమ్మకు పగలూ సాయంత్రమూ తోటే.

నాయనమ్మ మలయా రబ్బరు ఎస్టేటులో పుట్టింది. శ్రీకాకుళం వైపు ఊరు గురించి తన తల్లి చెప్పగా వినడమే గానీ కంటితో చూసింది లేదు. చూడని ఊరి పద్ధతులన్నీ మాత్రం ఆవిడకు కావాలి. ఇకాన్ బిలిస్ అమ్మే మలయ్ ఆవిడ బుట్టలోంచి నాలుగు ఎండుచేపలు తీసి వాసన చూసి, "ఇవి మా నెత్తళ్ళే కదేటి," అనేది. వాటిని దోరగా వేయించి చింతపండు పులుసులో వేసేది. వేడన్నంలో ఆ పులుసు, పక్కన గోంగూర పచ్చడి, కొరుక్కోవడానికి ఉల్లిపాయ. ఇప్పుడు అవే ఎండుచేపలు సూపర్‌మార్కెట్‌లో మంచి ప్యాకెట్లలో దొరుకుతాయి. పులుసూ నేనే పెడతాను. ఏదో తక్కువవుతుంది. ఎంత బుర్ర గోక్కున్నా అదేమిటో తెలియదు.

పక్క తోట ఒక చైనీస్ ముసలాయనది. ఆచెక్ అనేవాళ్ళం మేమంతా, వాళ్ళ భాషలో బాబాయి అని. కోళ్ళూ బాతులూ పెంచేవాడు. ఆయనకు తెలుగు రాదు, నాయనమ్మకు చైనీస్ రాదు. ఇద్దరూ బజారు మలయ్‌లో మాట మొదలుపెట్టి, కోపం వచ్చాక ఎవరి భాషలో వాళ్ళు తిట్టుకునేవారు. మర్నాడు ఆయన కంచె మీద నుంచి బాతుగుడ్లు ఇచ్చేవాడు, ఈవిడ గిన్నెడు పులుసు ఇచ్చేది. నేను చూసిన స్నేహాల్లో అంత గట్టిది మళ్ళీ చూడలేదు.

నెమళ్ళు వచ్చింది నాన్న లారీలో. ఒక తెల్లదొర కుటుంబం వాళ్ళ దేశం వెళ్ళిపోతోందని, బంగళా సామాను రేవుకు చేర్చడానికి నాన్నను పంపారు. పెట్టెలన్నీ ఎక్కించాక చూస్తే పెరట్లో వల గూట్లో ఒక మగనెమలి, రెండు పెట్టలు. నీళ్ళ పళ్ళెం ఎండిపోయి ఉంది. దొర అప్పటికే వెళ్ళిపోయాడు. ఇంటికి కాపలా ఉన్న మనిషిని అడిగితే, వాటి సంగతి తనకెవరూ చెప్పలేదన్నాడట. నాన్న సామాను రేవులో దించేసి, ఖాళీ లారీతో మళ్ళీ ఆ బంగళాకే వెళ్ళాడు. సాయంత్రం మా ఇంటి ముందు లారీ ఆగేసరికి వెనకాల మూడు వెదురు బుట్టలున్నాయి.

అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "మనకే ఇరుకు. ఈటిని ఏటి సేసుకుంటాం?" అంది.

"తాగడానికి నీళ్ళు కూడా ఎట్టనేదు వాటికి," అన్నాడు నాన్న.

నాయనమ్మ బుట్ట సందులోంచి ఆ నీలం మెడ చూసి చెప్పులు విడిచేసింది. సుబ్రహ్మణ్యస్వామి వాహనం నడిచి గుమ్మంలోకి వచ్చిందంటే మాటలా మరి. ఇక ఆవిడతో వాదించేవాళ్ళు లేరు. అమ్మ నిట్టూర్చి, "ఆ దొర ఓడెక్కాడు, ఈ దొర మన నెత్తికెక్కాడు," అంది. ఆ రోజు నుంచి మగనెమలి పేరు దొర అయింది.

నెత్తికెక్కడమంటే అలా ఇలా కాదు. అమ్మ వేసిన తోటకూర నారంతా ఒక్క పూటలో సఫా చేసేశాడు. వంగపూత మిగల్చలేదు. తెల్లవారకముందే రేకుల మీద టకటకా నడిచి ఆ చివర నుంచి ఈ చివరకు ఒక అరుపు అరిచేవాడు. ఆచెక్ కోళ్ళన్నీ బెదిరి గోల పెట్టేవి. ఆచెక్ కంచె దగ్గరకు వచ్చి మా నాయనమ్మను, నాయనమ్మ ఆచెక్ కోళ్ళను తిట్టుకునేవారు. కానీ మబ్బు పట్టిందంటే మా దొర రంబుటాన్ చెట్టు కింద పింఛం విప్పేవాడు. అప్పుడు అమ్మ కూడా గొప్పు పక్కన పడేసి కూర్చునేది. ఆ విప్పిన ఈకలు గలగలమని కదిలే చప్పుడు, రేకుల మీద మొదటి చినుకులు, తడిసిన ఎర్రమట్టి వాసన. అమ్మ మొహంలో అలసట లేకుండా చూసిన పూటలు నాకు అవే గుర్తు.

రాలిన ఈకలు ఎవరడిగినా ఇచ్చేది నాయనమ్మ. కావడి మొక్కుకున్న తమిళవాళ్ళు పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవారు. నేను కొన్ని దాచి బడికి పట్టుకెళ్ళేదాన్ని. పెన్సిలు చెక్కిన పొట్టు వేసి పుస్తకంలో పెడితే ఈక పిల్లలు పెడుతుందని ఒక చైనీస్ పిల్లకు చెప్పి, బదులుగా ఆ అమ్మాయి తెచ్చుకున్న కొబ్బరి కేకు తినేశాను. కొన్నాళ్ళయ్యాక ఆ పిల్ల వచ్చి నా జడ పట్టుకుని లాగింది. లాగదూ మరి.

దొర పగలంతా ఎక్కడ తిరిగినా, సాయంత్రం నాయనమ్మ పిలుపుకి దిగి వచ్చేవాడు. పళ్ళెంలో అన్నం మెతుకులు, నానబెట్టిన పెసలు పెట్టుకుని గడప మీద కూర్చునేది. "దొరా..." అని సాగదీసి, తర్వాత "దా, దా, దా" అని చిన్నగా అనేది. చెట్టు మీద ఉంటే చెట్టు మీద నుంచి, రేకుల మీద ఉంటే రేకుల మీద నుంచి దిగి ఆవిడ అరచేతిలో తినేవాడు. నేనూ అలాగే పిలిచేదాన్ని. నా వైపు చూసేవాడు, తల వంకరగా పెట్టి వినేవాడు, వచ్చేవాడు కాదు. నాకు ఏడుపొచ్చేది. నాయనమ్మ తన చేతిని నా చేతి కింద పెట్టి, నా అరచేతిలో మెతుకులు వేసి తనే పిలిచేది. అప్పుడు తినేవాడు. ఆ ముక్కు అరచేతిలో టుక్కుటుక్కుమని తగలడం నాకు ఇప్పటికీ తెలుస్తుంది.

నెమళ్ళు వచ్చిన ఏడే దొరకు ఈకలు రాలడం మొదలైంది. మొదట ఒకటీ అరా అనుకున్నాం. తర్వాత ఎటు చూస్తే అటు ఈకలే. కొన్నాళ్ళకు తోకంతా పోయింది. సిగ్గుపడ్డట్టు కర్రపెండలం మొక్కల మధ్య దాక్కునేవాడు, అరుపు మానేశాడు. మాకు కోళ్ళ సంగతి కూడా సరిగా తెలియదు, ఇక నెమళ్ళ సంగతేం తెలుస్తుంది. ఇక బతకడని నాన్న అన్నాడు. నేను అన్నం మానేసి కూర్చున్నాను.

నాయనమ్మ స్నానం చేసి, తడిబట్టతో వచ్చి, దొర కాలికి పసుపు దారం కట్టింది. తన తల్లి ఊళ్ళో జబ్బు చేసిన కోడెదూడను దేవుడికి వదిలేస్తారట. అలా వదిలినదాన్ని ఎవరూ కట్టరు, కాడి కింద పెట్టరు, ఏ చేలో మేసినా తరమరు. ఆవిడ చేతులు జోడించి, "సామీ, ఇది నీ బండి. నీకే ఒగ్గీసినాను. బతికించు, సాలు. ఇంక దీన్ని గూట్లో ఎట్టం, కట్టం, ఎవుడి సేతికీ ఇవ్వం," అంది. నాన్న, అమ్మ, నేను వెనకాల నిలబడి దండం పెట్టాం.

మర్నాడు ఆచెక్ కంచె దాటి వచ్చి, దొరను చూసి, ఈకల కుప్ప చూసి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తన బాతుల్ని చూపించాడు. వాటికీ ఏటేటా ఇంతేనట. దొర చొక్కా మార్చుకుంటున్నాడని మలయ్‌లో చెప్పి మళ్ళీ నవ్వాడు. నిజంగానే కొన్ని నెలలకు కొత్త ఈకలు వచ్చాయి. పాతవాటికంటే పొడుగ్గా వచ్చాయి. మరుసటి ఏడు మళ్ళీ రాలాయి, మళ్ళీ వచ్చాయి.

"సొక్కా మార్చుకున్నోడికి మొక్కేటమ్మా? ఆ మొక్కు సెల్లదు," అని నాన్న ఏడిపించేవాడు.

"నాను అడిగినాను, ఆయన ఇచ్చినాడు. ఎలాగిచ్చినావని ఆయన్ని నిలదీయమంటావేటి?" అనేది నాయనమ్మ. దొర మా ఇంట్లో దేవుడి సొత్తుగా తిరిగాడు. తోటకూర తిన్నా అమ్మ అదిలించడం మానేసింది.

అలా ఎన్నేళ్ళో గడిచినట్టు ఉంటుంది నాకు, గడిచినవి కొన్నే. ఒక రోజు అధికారులు వచ్చారు. తోటలన్నీ తీసేసి ఇక్కడ ఊరు కడతారని, మాకు ఫ్లాట్ ఇస్తారని చెప్పారు. అమ్మకు సంతోషమే. బావి తోడక్కర్లేదు, కుళాయి తిప్పితే నీళ్ళు. నాన్న మాత్రం ఆ సాయంత్రం చీకటి పడేదాకా మొక్కలకు నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. ఆచెక్ తన కోళ్ళన్నీ అమ్మేసి కొడుకు దగ్గరకు, హౌగాంగ్ వెళ్ళిపోతానన్నాడు.

నెమళ్ళకు నాన్నే దారి చూశాడు. పక్షుల్ని పెంచి జనానికి చూపించే తోట వాళ్ళను వెళ్ళి బతిమాలితే, మూడింటినీ తీసుకుంటామన్నారు. పెద్ద గూడు, తిండి, జబ్బు చేస్తే వైద్యం. నేను, "ఫ్లాట్‌కే తీసుకెళ్దాం నాన్నా, లిఫ్టులో పట్టడా?" అన్నాను. "దొర పడతాడు, తోక పట్టదు," అన్నాడు నాన్న. నవ్వించాలని అన్నాడు గానీ ఎవరికీ నవ్వు రాలేదు.

వాళ్ళ వ్యాను వచ్చిన రోజు పెట్టలు రెండూ గింజలకు ఆశపడి పాకలోకి వచ్చి దొరికిపోయాయి. దొర పొద్దుటి నుంచీ రేకుల మీదే ఉన్నాడు. నాన్న పిలిచాడు, ఆచెక్ పిలిచాడు, నేను గొంతు పోయేలా పిలిచాను. నా వైపు చూశాడు, తల వంకర పెట్టాడు, దిగలేదు. నిచ్చెన వేస్తే చెట్టు మీదకు ఎగిరాడు. ఇక మిగిలింది నాయనమ్మ. గడప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పళ్ళెం ఉంది.

"అమ్మా, ఒక్కసారి పిలు," అన్నాడు నాన్న.

ఆవిడ ఒళ్ళోని పళ్ళెం తీసి పక్కన పెట్టేసింది.

"ఇక్కడ ఒగ్గేస్తే కుక్కలు పీక్కుతింటాయి. రేపో మాపో ఈ రేకులు కూడా ఉండవు. నీ మొక్కు కోసం దాన్ని సంపుకుంటావా?"

"మొక్కు తప్పితే ఆయన కాళ్ళ మీద పడి నానే అడుక్కుంటాను. అది కాదురా."

"మరేటి?"

"అన్నానికి పిలిసే నోరు ఇది," అంది నాయనమ్మ. "నా గొంతిని నమ్మి దిగుతాది. దిగినాక పట్టిత్తానా? నావల్ల కాదు."

నాన్న ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని గుంజాను, పిలవమని ఏడ్చాను. నన్ను ఒళ్ళోకి లాక్కోబోతే విదిలించుకున్నాను. వ్యాను మనిషి చాలాసేపు ఆగాడు, పాపం. చివరకు పెట్టల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం మేమూ మా సామాను లారీ ఎక్కించుకుని వెళ్ళిపోయాం. వెనక్కి చూస్తే దొర ఖాళీ ఇంటి మీద అటూ ఇటూ నడుస్తున్నాడు.

నాన్నకు తల్లి మీద ఎంత కోపమో చెప్పలేను. అయినా రోజూ పని అయ్యాక ఆవిడను లారీలో కూర్చోబెట్టుకుని ఆ తోటకు తీసుకెళ్ళేవాడు. వాళ్ళ మధ్య పళ్ళెం పట్టుకుని నేను. మొదట్లో దొర మా రేకుల మీద నుంచే దిగేవాడు. రేకులు పీకేశాక రంబుటాన్ చెట్టు మీద నుంచి, ఆ చెట్టు కొట్టేశాక ఆచెక్ వాళ్ళ చేపల గుంట అవతల నుంచి వచ్చేవాడు. రోజురోజుకీ దూరం నుంచి. నాయనమ్మ పిలుపు కూడా రోజురోజుకీ పెద్దదైంది. మట్టి తవ్వే యంత్రాలు ఆపి పనివాళ్ళు చూసేవారు.

ఒక సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. నాన్న ఆ చుట్టుపక్కలంతా తిరిగి వెతికాడు. ఈక గానీ, రక్తపు మరక గానీ, ఏమీ కనబడలేదు. పోయాడో, అవతలి అడవిలోకి వెళ్ళి బతికాడో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ నాకు తెలియదు. తెలిస్తే ఈ బాధ ఏదో ఒక రూపానికి వచ్చి ఉండేది.

ఆ తర్వాత నాయనమ్మ ఫ్లాట్‌లో వంటింటి కిటికీ దగ్గర నిలబడి పిలిచేది. రోజూ సాయంత్రం, దీపం పెట్టాక. కిటికీ గట్టు మీద నాలుగు మెతుకులు పెట్టి, "దొరా... దా, దా, దా..." అని ఎదుటి బ్లాకు వైపు పిలిచేది. మైనాలు వచ్చి తిని పోయేవి. పై అంతస్తు వాళ్ళు విసుక్కునేవారు. అమ్మ నలుగురిలో తలవంపులుగా ఉందనేది. నాన్న మాత్రం ఎప్పుడూ ఆపమనలేదు. ఆవిడ మంచం పట్టేదాకా పిలిచింది. మంచం పట్టాక కూడా, సాయంత్రమయ్యేసరికి ఆ పెదవులు కదిలేవి. ఆ గొంతులో వణుకు గానీ, తప్పు చేశానన్న బెదురు గానీ నేనెప్పుడూ వినలేదు. ఎందుకమ్మా ఈ పిచ్చి అనుకునేదాన్ని. ఒక్కసారి పిలవాల్సిన రోజున పిలవక, జీవితాంతం పిలిచి ఏం లాభమని నాకు లోపల మండేది.

ఆ మంటంతా పోయిన నెల కార్ల మధ్య నిలబడ్డప్పుడు మళ్ళీ వచ్చింది. "ఆంటీ, ప్లీజ్," అన్నాడు మలయ్ అతను. రోడ్డు మీద ఇంకో బస్సు వస్తోంది. నెమలి అటే చూస్తోంది.

పిలిచాను. నాయనమ్మలాగే సాగదీసి, తర్వాత చిన్నగా.

వ్యాను కింద నుంచి బయటకు వచ్చింది. తల మీద కుచ్చు వణుకుతోంది. నేను కింద కూర్చుని అరచెయ్యి చాపాను. నన్ను చూస్తూ, మధ్యలో ఒకసారి ఆగి, మళ్ళీ వచ్చి, నా చేతిలో ముక్కు పెట్టింది. అదే టుక్కుటుక్కు. నాయనమ్మ చెయ్యి కింద లేకుండా, నా ఒక్కదాని పిలుపుకి వచ్చింది. వల పడింది. అది ఒకే ఒక్క అరుపు అరిచి, తర్వాత నన్నే చూస్తూ ఉండిపోయింది. గింజలు నేల మీద చెల్లాచెదురయ్యాయి.

ఆ ఇద్దరూ చాలా జాగ్రత్తగా పెట్టెలో పెట్టారు. దెబ్బ తగల్లేదు, చెప్పిన మాట నిలబెట్టుకున్నారు. సొంతదారు దొరక్కపోతే మంచి చోటే చూస్తారట. జనం చప్పట్లు కొట్టారు. మనవరాలు నన్ను వాటేసుకుని, "అమ్మమ్మా, యూ సేవ్డ్ హిమ్," అంది. నిజమే. మా నాన్న ఉంటే భుజం తట్టేవాడు. నేను చేసింది తప్పని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు.

సాయంత్రం దీపం పెట్టి వంటింట్లోకి వస్తే మనవరాలు ఫోను పట్టుకుని వెనకే వచ్చింది. "వీడియోలో నీ కాలింగ్ సరిగ్గా వినబడలేదు. వన్స్ మోర్ చెయ్యి అమ్మమ్మా, ఫ్రెండ్స్‌కి పంపాలి," అంది. దానికేం భాగ్యం అనుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎదుటి బ్లాకులో దీపాలు వెలుగుతున్నాయి. "దొరా..." అన్నాను. ఆ తర్వాతి మాట నోట్లోనే ఉండిపోయింది.

నాయనమ్మ నోటికి ఆ 'దా' ఆఖరి రోజు దాకా వచ్చింది.